క్లోరిన్ తినేసే నీళ్ళు

మా ఆయన ఇవావోకి ఒక జబ్బుంది. నడుం నొప్పి సంగతి కాదు నేననేది, అది వయసుతో వచ్చింది. ఇది పుట్టుకతోనే వచ్చింది. ఇంటికి నిప్పంటుకున్నా సరే, పక్కింటివాణ్ణి బకెట్టు అడగడు. ఎవరైనా వచ్చి "ఏంటి ఇవావో, పొగొస్తోంది?" అంటే "ఏం లేదు, చేపలు కాలుస్తున్నా" అంటాడు. అట్లాంటి మనిషితో కాపురం చేస్తూ, పైగా ఊరందరికీ స్నానాలు చేయించే వ్యాపారం నడపాలంటే ఎంత ఓపిక కావాలో మీరే చెప్పండి. నాకు ఓపిక లేదు. నోరుంది.

మాది సముద్రం ఒడ్డున స్నానశాల. మా మామగారు తవ్వించిన గొట్టపుబావిలోంచి టీ డికాషన్ రంగులో ఉప్పునీళ్ళు వస్తాయి. వాటితోపాటు బుడబుడమంటూ గ్యాసూ వస్తుంది. ఆ గ్యాసుతోనే ఆ నీళ్ళు కాస్తాం. నీళ్ళలో అయోడిన్ ఉందని ఊళ్ళో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. ఎందుకంటే మా చుట్టుపక్కల మగాళ్ళలో సగం మంది చేపలకి పోతే, తక్కిన సగం అయోడిన్ ఫ్యాక్టరీకి పోతారు. మా మరిది యసూజి ఆ ఫ్యాక్టరీలోనే జుట్టు నెరిపించుకున్నాడు. మా నీళ్ళలో కూర్చుంటే కీళ్ళ నొప్పులు తగ్గుతాయని ముసలమ్మలు అంటారు. తగ్గుతాయో లేదో నాకు తెలీదు గానీ, వాళ్ళు రోజూ రావడం మాత్రం నిజం. ఇళ్ళలో స్నానాల గదులు వచ్చాక కూడా వస్తూనే ఉన్నారు. ఇంట్లో కూర్చుంటే కోడళ్ళ మీద చాడీలు ఎవరికి చెప్పుకుంటారు మరి?

మామగారి రోజుల్లో నీళ్ళు బావిలోంచి తొట్టిలోకి, తొట్టిలోంచి కాలవలోకి పోతూనే ఉండేవి. రాత్రి తొట్టి ఖాళీ చేసి, నేలా గోడలూ తోమి, పొద్దున మళ్ళీ నింపేవాళ్ళు. మా ఆయన నడుం పట్టేశాక ఆ తోముడు కుదర్లేదు. అప్పుడేం చేశాడంటే, స్నానాల గది కింద ఒక ట్యాంకు కట్టించి, పంపు పెట్టి, అవే నీళ్ళు రోజుల తరబడి తిరుగుతూ ఉండేట్టు ఏర్పాటు చేశాడు. అడిగినవాళ్ళకి "ఇప్పుడన్నీ ఇట్లాగే, కొత్త పద్ధతి" అని చెప్పాడు. నడుం వంగడం లేదని ఒక్కడికైనా చెప్పాడా? చెప్తే పరువు పోదూ!

ఇట్లా ఉండగా పక్క జిల్లాలో ఎక్కడో ఒక స్నానశాలలో నీళ్ళు పాడై, స్నానం చేసినవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ముసలివాళ్ళు పోయారు కూడా. తిరిగే నీళ్ళలో, గోరువెచ్చటి ట్యాంకుల్లో, జిగురు పట్టిన గొట్టాల్లో పెరిగే పురుగుట అది. వెంటనే ఆరోగ్యశాఖ వాళ్ళు ప్రతి స్నానశాలకీ తిరగడం మొదలెట్టారు. మా దగ్గరికి హనవా అనే అమ్మాయి వచ్చింది. చిన్న వయసే. గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు, వెళ్ళేప్పుడు తొడుక్కోవడానికి వీలుగా, ఎంత శుభ్రంగా తిప్పిపెట్టిందంటే, ఆ పద్ధతికే నేను సగం మెత్తబడ్డాను.

చిన్న గాజు గొట్టంలో మా నీళ్ళు పట్టి, అందులో మందు వేసి, వెలుతురుకి పెట్టి చూసింది. "నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఇది గులాబి రంగుకి తిరగాలండీ. తిరగలేదు. మీరసలు క్లోరిన్ వేస్తున్నారా?"

"వేస్తున్నాం. రోజూ వేస్తున్నాం" అన్నాడు మా ఆయన.

"ఏమన్నా ఇబ్బందిగా ఉందా? నీళ్ళ వల్ల గానీ, పని వల్ల గానీ?"

"ఇబ్బందా? ఏం లేదు."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను పక్కకి చూశాను. మొగుడి మాట పరాయివాళ్ళ ముందు తీసెయ్యకూడదని మా అమ్మ నేర్పిన పాడు బుద్ధి ఒకటి నాలో మిగిలిపోయింది.

"పండగ తర్వాత మళ్ళీ వస్తానండీ. అప్పటికీ క్లోరిన్ కనపడకపోతే మాత్రం నేను తలుపులు మూయించాల్సి వస్తుంది" అని తలవంచి చెప్పింది. మర్యాదగానే చెప్పింది. కానీ మూయిస్తే మేమేం కావాలి? మాకు పిల్లల్లేరు. వేరే పొలమూ లేదు, పడవా లేదు. ఈ స్నానశాల మూతపడితే మేమిద్దరం పొద్దున్నే లేచి చెయ్యాల్సిన పనంటూ ఏదీ ఉండదు. తలుపు తీసి "రండి, రండి" అని పిలవడం తప్ప మా ఆయనకి ఈ లోకంలో ఇంకొకటి రాదు.

అప్పట్నించీ ఆయన నిజంగానే రోజూ క్లోరిన్ మందు పొయ్యడం మొదలెట్టాడు. డబ్బాలకి డబ్బాలు తెచ్చాడు, హనవా దగ్గరున్నలాంటి గాజు గొట్టం, రంగు తిరిగే మందూ కొనుక్కొచ్చాడు. ట్యాంకులోకి బొట్లు బొట్లుగా మందు వదిలే చిన్న పంపు కూడా బిగించాడు. రోజూ మధ్యాహ్నం తలుపులు తీసే ముందు దానంతటదే తిరిగేట్టు గడియారం పెట్టాడు. ఎంత పోసినా గొట్టంలో రంగు రాదు. పోసింది పోసినట్టే మాయం.

"ఏమయ్యా, నీళ్ళు క్లోరిన్‌ని తాగేస్తున్నాయా ఏంటి? యసూజిని ఒక మాట అడుగు" అన్నాను.

"వాడిదంతా ఫ్యాక్టరీ గోల. స్నానశాల సంగతి వాడికేం తెలుసు?"

"పోనీ ఆ హనవా అమ్మాయికి ఫోన్ చెయ్యి."

"చేసి? నాకు చేతకావట్లేదు అని చెప్పనా?"

"చెప్పు! చేతకానిది చేతకాదంటే నోట్లో ముత్యాలేం రాలిపోవు!"

ఆయన ఇంకో డబ్బా మూత తీశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

పండగ రోజు వచ్చింది. మా ఊరి పండగ అంటే మగాళ్ళు దేవుడి పల్లకి మోసుకుంటూ సముద్రంలోకి దిగుతారు. దిగే ముందు మా స్నానశాలకి వచ్చి ఒళ్ళు కడుక్కుని, నడుముకి తెల్లగుడ్డ బిగించి చుట్టుకుని బయల్దేరడం ఆనవాయితీ. పక్కూళ్ళవాళ్ళు ఆ గుడ్డని మెత్తగా ఉతికి చుట్టుకుంటారు. మావాళ్ళు మాత్రం గంజి పెడతారు. అలలు కొట్టినా ముడి జారకూడదని ఎవరో పూర్వీకుడు చెప్పాడట. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళందరం రెండ్రోజుల ముందు నుంచీ బియ్యప్పిండి గంజి కాచి, ఆ గుడ్డల్ని అప్పడాల్లాగా ఫెళఫెళలాడేట్టు ఆరేస్తాం.

ఆ పొద్దున మా ఆయన కింద ట్యాంకు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. నడుం నొప్పి ఉన్న మనిషి పరుగు చూసి నాకు భయమేసింది. చేతిలో గాజు గొట్టం. అందులో నీళ్ళు గులాబి రంగు.

"చూశావా! చూశావుటే! వచ్చింది!"

మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్నాళ్ళయిందో! నాకూ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో వచ్చే వాసనలాంటిది ఒకటి గుప్పుమంటోందని తెలుస్తూనే ఉంది. నీళ్ళ రంగు కూడా మామూలు కన్నా ఎర్రగా ఉంది. అయినా ఆ సంతోషం ముందు ఏమంటాం?

మగాళ్ళంతా వచ్చారు, గోలగోలగా స్నానాలు చేశారు. కొందరు "ఇవ్వాళ నీళ్ళు ఘాటుగా ఉన్నాయేంటి?" అన్నారు. బయటికొచ్చి, తడి ఒళ్ళు తుడుచుకునీ తుడుచుకోకా, గంజి గుడ్డలు చుట్టుకున్నారు. పల్లకి పెద్ద గెన్బా, ఊరంతా ఆయన మాటంటే మాటే, అందరికన్నా ముందు వీధిలోకి నడిచాడు. వెనకాల వరసగా మిగతావాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గెన్బా పొట్ట దగ్గర ఒక మచ్చ. సిరా చుక్కంత. చూస్తుండగానే అది అరచేయంత అయింది. పక్కవాడికీ మచ్చ. ఆ వెనకవాడికి వీపంతా. తెల్లటి గుడ్డలు నీలంగా, నేరేడుపండు రంగులోకి మారిపోతున్నాయి.

"తొకియే! ఇదేం మాయే తల్లీ! మా పొట్టలు చూడు!" గెన్బా నా వంక తిరిగి అరిచాడు.

"గంజిలో ఏం కలిపావు?" అని ఒకడు తన పెళ్ళాం మీదకి లేచాడు.

"నేనేం కలిపాను? నీ ఒంట్లోనే ఉంది విషం!" అని అదీ ఊరుకోలేదు.

వీధి వీధంతా ఒకటే గందరగోళం. పల్లకి దగ్గర పూజారి నోరు తెరుచుకుని అట్లాగే నిలబడ్డాడు. అప్పుడు నవ్వు వినిపించింది. మా మరిది యసూజి, వాడి నడుం గుడ్డ కూడా నీలమే, మా గుమ్మం మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఎంతకీ ఆపడు.

"వదినా, అన్నయ్యని పిలు. స్నానశాల కాదిది. అన్నయ్య ఇంట్లోనే అయోడిన్ ఫ్యాక్టరీ పెట్టాడు!"

ఆ నీలం గుడ్డల్తోనే సముద్రంలోకి దిగారు, వేరే దారేముంది? ఒడ్డు మీద పక్కూరివాళ్ళు ఈలలు వేశారు. మావాళ్ళు సిగ్గుకి మామూలు కన్నా రెట్టింపు జోరుగా పల్లకి ఊపారు. ఆ సంగతి అట్లా ఉంచండి.

సాయంత్రం యసూజి మా వంటింట్లో కూర్చున్నాడు. నేను నువ్వులేసి ఊరబెట్టిన చిన్న చేపలు, ఉడికించిన వేరుశెనక్కాయలు పెట్టాను. మా ఆయన మూలన కూర్చుని టీ కప్పులోకి చూస్తున్నాడు.

"చూడన్నయ్యా" అన్నాడు యసూజి కాయ వలుస్తూ. "వీళ్ళు నలుగురు అన్నదమ్ములు. అందరికన్నా పైవాడు ఫ్లోరిన్. వాడు రాక్షసుడు, గాజుని కూడా తినేస్తాడు. వాణ్ణి కట్టిపడేశాకే మన పళ్ళపేస్టులోకి రానిస్తారు. రెండోవాడు క్లోరిన్. మూడోవాడు బ్రోమిన్, ఎర్రటి నీళ్ళ రూపంలో పొగలు కక్కుతుంటాడు, చర్మం మీద పడితే పుండే. ఆఖరివాడు మన అయోడిన్. నెమ్మదస్తుడు. మన బావి నీళ్ళలో వాడు ఉప్పుతో కలిసి చక్కగా కాపురం చేసుకుంటూ ఉంటాడు, రంగూ వాసనా బయటపెట్టడు. ఇప్పుడు నువ్వేం చేశావు? ఆ ఇంట్లోకి క్లోరిన్ని తోలావు. పెద్దవాడు వచ్చి 'లేవరా' అని తమ్ముణ్ణి బయటికి గెంటి, తను ఆ చోట కూర్చున్నాడు. ఇంక క్లోరిన్ ఎక్కడ కనపడుతుంది? వీధిన పడింది అయోడిన్. మా ఫ్యాక్టరీలో చేసేదీ సరిగ్గా ఇదే. గెంటి, గాలి కొట్టి, ఆ ఊదారంగు ఆవిరిని పట్టుకుంటాం. గాయాల మందుకీ, ఎక్స్‌రే తీసేప్పుడు రక్తంలోకి ఎక్కించే మందుకీ దేశదేశాలకి పంపుతాం. నువ్వు మాత్రం మావాళ్ళ పొట్టలకి పంపావు."

"గంజి?" అన్నాను.

"అయోడిన్‌కి గంజి కనపడితే నీలం కావాల్సిందే. బళ్ళో చెప్పలా?"

"మరి గొట్టంలో గులాబి రంగు వచ్చిందిగా" అన్నాడు మా ఆయన. గుడ్డలు నీలమయ్యాక ఆయన అన్న మొదటి మాట అది.

యసూజి నవ్వు ఆపేశాడు. "ఆ మందు అయోడిన్‌కి కూడా అదే రంగు తిరుగుతుందన్నయ్యా. ఇన్నాళ్ళూ లేచిన కాస్త అయోడిన్‌నీ మన నీళ్ళలోని టీ రంగు మట్టి మింగేసింది, ఇవ్వాళ మింగలేనంత లేచింది. నిన్ను మోసం చేసింది. హనవా గారికి అది చాలదు."

మా ఆయన మొహంలో పొద్దున వెలిగిన దీపం ఆరిపోయింది. నాకు యసూజి పీక నొక్కుదామనిపించింది, వాడి తప్పేం లేకపోయినా.

"ఇంకో సంగతి" అన్నాడు వాడు, ఈసారి కాయలు పక్కన పెట్టి. "అంతంత క్లోరిన్ మందు కింద గదిలో పేర్చావు. జాగ్రత్త. దానికి ఏ ఆమ్లం తగిలినా వాయువు లేస్తుంది. అది గాలికన్నా బరువు. పల్లంలో కూర్చుంటుంది. మా దగ్గర కారిందంటే మేము కిందకి చూడం, పైకి పరిగెడతాం, గాలికి ఎదురు పరిగెడతాం. ఆ ట్యాంకు తీసెయ్. నాన్న చేసినట్టే రోజూ నీళ్ళు మార్చు, రోజూ తోము. నడుం వంగదంటావా, ఊళ్ళో వాళ్ళని అడుగు."

"అడగను" అన్నాడు మా ఆయన.

"ఎందుకు?"

"మా నాన్న ఎవరినీ అడగలేదు."

"నాన్నకి నడుం వంగేదిరా బాబూ!" అని వాడు తల కొట్టుకున్నాడు.

ఆ మర్నాడు మా ఆయన తనకి తోచిన లెక్క ఒకటి వేసుకున్నాడు. క్లోరిన్ని తినేది నీళ్ళు కాదుట, ట్యాంకు గోడలకి పట్టిన మడ్డిట. ఆ మడ్డి గీకేస్తే క్లోరిన్ నిలబడుతుందిట. హనవా రావడానికి ఇంక ఎంతో వ్యవధి లేదు. నేను మార్కెట్‌కి పోయిన సమయం చూసుకుని ట్యాంకు చాలావరకు ఖాళీ చేసి, మరుగుదొడ్లు కడిగే ఆమ్లం తీసుకుని కిందకి దిగాడు. ఆ సీసా మీద "కలపరాదు, ప్రమాదం" అని ఎర్రక్షరాలు ఉంటాయి. క్లోరిన్ డబ్బా మీదా అవే అక్షరాలు. చదువు రాని వాడు కూడా గుర్తుపట్టేంత పెద్దవి. ఆయనకి తెలుసు. తెలుసు కనకే డబ్బాలన్నీ దూరంగా జరిపాడు. మర్చిపోయింది ఒకటే. రోజూ మధ్యాహ్నం తనంతట తనే తిరిగి ట్యాంకులోకి క్లోరిన్ మందు వదిలే ఆ చిన్న పంపుని.

నేను వచ్చేసరికి దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదది. చాప చింపినట్టు. కింద గది తలుపు తీశాను. కళ్ళు భగ్గుమన్నాయి. మెట్ల అడుగున పసుపూ ఆకుపచ్చా కాని పొగ నేలనంటుకుని ఉంది. మా ఆయన మోకాళ్ళ మీద పాకుతూ గడపకి రెండు మెట్ల కిందదాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఆ నడుం ఆయన్ని ఇంకో మెట్టు ఎక్కనివ్వడం లేదు.

కిందకి దూకేద్దామన్నంత పనైంది. పల్లంలో కూర్చుంటుందన్న యసూజి మాట కాళ్ళని పట్టుకుంది. ఊపిరి బిగబట్టి, గడప పట్టుకుని వంగి, ఆయన చొక్కా కాలర్ దొరకబుచ్చుకుని లాగాను. నా ఒంట్లో అంత బలం ఉందని నాకే తెలీదు. బయటికి వచ్చినా ఆగలేదు. మేడ మీద బట్టలారేసే చోటికి ఈడ్చుకుపోయాను. సముద్రం గాలి మొహాన కొట్టేదాకా వదల్లేదు. ఆ తడిసిన బట్టలు విప్పేసి, మొహం మీద బిందెడు మంచినీళ్ళు కుమ్మరించి, పక్కన చేపల కొట్టువాడికి వినపడేట్టు అరిచాను, అంబులెన్స్ పిలవమని.

"చచ్చావంటే ఊరుకోను, వినపడిందా! చచ్చావంటే చంపేస్తాను!" అని ఆయన వీపు నిమురుతూ తిడుతూనే ఉన్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

ప్రాణం దక్కింది. ఆక్సిజన్ పెట్టారు, మందులిచ్చారు. ఊపిరితిత్తులు కోలుకుంటాయన్నారు డాక్టర్లు. గొంతు కూడా వస్తుంది గానీ మెల్లిగా వస్తుంది, ముందులాగా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. మంచం పక్కన కూర్చుని నేను ఏడ్చాను. భయం తీరాక వచ్చే ఏడుపు అది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నాడు. మాట రాని మొగుడిని తిట్టడంలో సుఖం లేదని అప్పుడే తెలిసింది.

హనవా ఆసుపత్రికి వచ్చింది. పళ్ళు తెచ్చింది. "స్నానశాల ప్రస్తుతానికి మూసేశాను, క్షమించండి" అంది. నేను జరిగిందంతా చెప్పేశాను. ట్యాంకు ఎందుకు కట్టాడో, నడుం సంగతి, నీలం పొట్టలు, మొత్తం. మా అమ్మ నేర్పిన బుద్ధిని ఆ రోజు కిటికీలోంచి అవతల పారేశాను.

ఆ అమ్మాయి చాలాసేపు విని, నెమ్మదిగా అంది: "మీ నీళ్ళలాంటివాటికి క్లోరిన్ పనికిరాదని మాకు తెలుసండీ. క్లోరిన్ నిలవట్లేదని చెప్పుకున్నవాళ్ళకి వేరే పద్ధతి ఒప్పుకుంటాం. ట్యాంకు లేకుండా, కొత్త నీళ్ళు పారుతూ ఉండాలి. రోజూ ఖాళీ చేసి, తోమి ఆరబెట్టాలి. నీళ్ళు మేము పరీక్షకి పంపుతాం. పురుగు లేదంటే చాలు. కానీ తోమే మనుషులున్నారని నాకు నమ్మకం కుదరాలి. ఆరోజు అందుకే అడిగాను, ఇబ్బంది ఉందా అని. ఇవావో గారు లేదన్నారు."

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఈయనైతే అడిగి మరీ పెట్టబోయినా వద్దన్నాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన పైకప్పు వంక చూస్తున్నాడు.

ఇంటికొచ్చిన తర్వాతి ఆదివారం ఊళ్ళో వాళ్ళు పలకరించడానికి వచ్చారు. బట్టలు మార్చుకునే గదిలోనే చాపల మీద కూర్చున్నారు. నీళ్ళు లేక ఆ ఇల్లు బోసిగా ఉంది. గెన్బా ఉన్నాడు, చేపల కొట్టువాడు ఉన్నాడు, కీళ్ళ నొప్పుల ముసలమ్మలున్నారు, యసూజి ఉన్నాడు. "ఇంట్లో స్నానం చేస్తుంటే శవానికి చేసినట్టుందే తొకియే" అంది ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు. ఇంక ఆ స్నానశాల తెరుచుకోదేమోనని అందరి మనసులోనూ ఉంది, ఎవరూ పైకి అనలేదు. సాయం అడగాల్సింది మేమే. నేనే అడిగేద్దును. నోటి చివరిదాకా వచ్చింది.

అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గోడకి. పెదాలు కదిలాయి. ఎవరికీ వినపడలేదు.

"ఏంటి ఇవావో?" అన్నాడు గెన్బా.

మళ్ళీ కదిలాయి. గుసగుస కన్నా తక్కువ. ముసలమ్మలు చెవుల వెనక చేతులు పెట్టుకుని ముందుకు వంగారు. గెన్బా లేచి ఆయన దగ్గరికొచ్చి, తల వంచి, తన చెవిని ఆయన నోటి దగ్గర పెట్టాడు. పల్లకి ముందు తప్ప ఎవరి ముందూ తల వంచని మనిషి.

మా ఆయన చెప్పాడు. గెన్బా విన్నాడు. తల తిప్పి గదిలోకి చూశాడు.

"ఏమన్నాడు?" అంది ఒక ముసలమ్మ.

గెన్బా అందరికీ వినపడేట్టు చెప్పాడు. "'నా వల్ల కావట్లేదు, కాస్త వచ్చి తోమి పెడతారా' అంటున్నాడు."

నేను మొహం ఏప్రాన్‌లో దాచుకున్నాను. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ నోటి వెంట ఆ మాట వినలేదు. గొంతున్నన్నాళ్ళూ అనలేదు. గొంతు పోయాక అన్నాడు.

"ఇంత చిన్న మాటకి ఇన్నేళ్ళు పట్టిందా వెధవా!" అన్నాడు గెన్బా, కళ్ళు తుడుచుకుంటూ. "చీపుళ్ళు ఎక్కడున్నాయి, తొకియే?"

"ఇవ్వాళే కాదు బాబాయ్, రోజూ తోమాలి" అన్నాడు యసూజి.

"రోజూ అంటే రోజూనే! పల్లకి మోసే భుజాలు పండగ నాడు తప్ప ఖాళీగానే ఉంటాయిగా. వంతులేసుకుంటాం. ఎవడైనా రాకపోతే వాడి పెళ్ళానికి చెప్తాను."

ట్యాంకు పగలగొట్టారు. పాత కాలవ తవ్వి తీశారు. తొట్టి తోమారు. అబ్బ, ఆ తోముడులో వాళ్ళ పాటలూ బూతులూ! హనవా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని గోడల మూలలు చేత్తో తడిమి చూసింది. నీళ్ళు పట్టుకుపోయింది. ఆ ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. చివరికి ఒక పొద్దున ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "తొకియే గారూ, పురుగు లేదండీ. శుభ్రంగా ఉన్నాయి. తలుపులు తీసుకోండి" అంది.

తలుపులు తీసే రోజు జనం వీధిలో నిలబడ్డారు. నేను డబ్బులు తీసుకునే బల్ల దగ్గర కూర్చోబోతే గెన్బా అడ్డం వచ్చాడు. "ఇవ్వాళ మొదటి నీళ్ళు మీవి. నేను కూర్చుంటా బల్ల దగ్గర. ఫోండి ఇద్దరూ."

"ముందు జనం, తర్వాతే మేము. అది మామగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి" అన్నాను.

"పద్ధతి నాకు చెప్పకు. ఫో."

మా ఆయన మగవాళ్ళ వైపు, నేను ఆడవాళ్ళ వైపు వెళ్ళాం. నీళ్ళలో దిగాను. గోధుమరంగు నీళ్ళు, ఉప్పుగా, వెచ్చగా, అంచు మీదుగా పొర్లిపోతూ. మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు, పైన ఖాళీ. ఇన్నేళ్ళుగా ఆ ఖాళీలోంచి ఎన్ని జంటలు ఒకళ్ళనొకళ్ళు కేకేసుకోవడం విన్నానో! "సబ్బు విసురు", "నేను లేస్తున్నా", "ఇంకా ఎంతసేపే". మేమిద్దరం మాత్రం ఎప్పుడూ ఒకే సమయంలో నీళ్ళలో దిగలేదు. ఒకళ్ళు దిగితే ఒకళ్ళు బల్ల దగ్గర ఉండాలిగా. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

గోడ అవతల నీళ్ళు కదిలిన చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత, బొంగురుగా, సగం విరిగిన గొంతు, అయినా గోడ దాటి వచ్చేంత గొంతు.

"తొకియే... నీళ్ళు ఎట్లా ఉన్నాయే?"

దేనికైనా ఠక్కున జవాబు చెప్పే నాకు ఆ ఒక్క ప్రశ్నకి మాట రాలేదు. చాలాసేపటికి "బాగున్నాయయ్యా" అన్నాను.